సైట్‌మ్యాప్ దానంతటదే అప్‌డేట్ అయ్యేలా టైమ్ పెట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మేము చూసుకునే వెబ్‌సైట్లన్నీ గోదావరికి అటూ ఇటూ ఉన్నవే. కడియం వైపు నర్సరీలు, ఆత్రేయపురంలో పూతరేకుల కొట్లు, నర్సాపురం లేసు అమ్మేవాళ్ళు, అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారులు, ఊరి వార్తలు రాసే కుర్రాళ్ళు. ఎవరు ఫోన్ చేసినా మాట కాసేపటికి అక్కడికే వస్తుంది: "కొత్త పేజీ పెట్టి వారమైందండీ, గూగుల్‌లో కనబడ్డం లేదు. ఆ సైట్‌మ్యాప్ ఏదో రోజూ దానంతటదే మారేలా పెట్టేయరాదూ?" పెట్టొచ్చు. ఎప్పుడు, ఎక్కడి నుంచి, ఏ తేదీ వేసి అన్న దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. ఫోన్‌లో పదేపదే చెప్పినవన్నీ ఇక్కడ రాసిపెడుతున్నాం.

అసలు సైట్‌మ్యాప్ అంటే ఏంటండీ?

మీ సైట్‌లో ఏయే పేజీలున్నాయో సెర్చ్ ఇంజిన్‌కి చెప్పే చిట్టా. గూగుల్ 2005లో మొదలుపెట్టింది. 2006 నవంబరులో యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా అదే పద్ధతికి ఒప్పుకున్నాయి. అందుకే ఒక్క ఫైలు రాస్తే అందరికీ సరిపోతుంది. ప్రతి పేజీకీ చిరునామా తప్పనిసరి. ఆ పేజీ చివరిసారి ఎప్పుడు మారిందో చెప్పే తేదీ కూడా వేస్తే మంచిది. దాన్ని లాస్ట్‌మాడ్ అంటారు. కింద సగం గొడవ దాని గురించే.

చిట్టాలో పేరున్నంత మాత్రాన పేజీ గూగుల్‌లో వచ్చి తీరుతుందని కాదు. పెళ్ళి పిలుపుల జాబితాలో పేరు రాసుకుంటాం, వచ్చేది రానిది వాళ్ళిష్టం.

మాది వర్డ్‌ప్రెస్. మేమూ షెడ్యూల్ పెట్టాలా?

చాలావరకు అక్కర్లేదు. 2020 ఆగస్టులో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ తనే సైట్‌మ్యాప్ తయారుచేస్తోంది. అది డిస్కులో పడి ఉండే ఫైలు కాదు, ఎవరైనా అడిగినప్పుడు అప్పటికప్పుడు డేటాబేస్ చూసి ఇస్తుంది. కొత్త పేజీ పబ్లిష్ చేసిన క్షణం నుంచే చిట్టాలో ఉంటుంది. లాస్ట్‌మాడ్ మాత్రం 2024లో వచ్చిన 6.5 వరకు అందులో లేదు. మీది అంతకన్నా పాతదైతే ముందు అప్‌డేట్ చేసుకోండి, అందుకు సెక్యూరిటీ కారణాలు కూడా చాలానే ఉన్నాయి.

వర్డ్‌ప్రెస్ వాళ్ళకి వచ్చే ఇబ్బంది వేరు. కాషింగ్ ప్లగిన్ (సైట్ త్వరగా తెరుచుకోవడానికి పేజీల నకళ్ళు దాచేది) సైట్‌మ్యాప్‌ని కూడా దాచిపెట్టుకుని వారం పాటు పాతదే చూపిస్తుంది. కాషింగ్ సెట్టింగుల్లోకెళ్ళి సైట్‌మ్యాప్ చిరునామాని మినహాయించండి. మేము చూసిన "అప్‌డేట్ అవ్వట్లేదండీ" ఫోన్లలో సగానికి మందు ఇదే.

పొద్దున్న 6కి పోస్టు షెడ్యూల్ చేస్తే 9 దాకా రావట్లేదు. ఎందుకని?

వర్డ్‌ప్రెస్‌కి లోపల ఉన్నది నిజమైన గడియారం కాదు. ఎవరైనా సైట్‌కి వచ్చినప్పుడే "ఇప్పుడు చెయ్యాల్సిన పనులేమైనా ఉన్నాయా" అని చూసుకుంటుంది. తెల్లవారుజామున ఎవరూ రాకపోతే పని ఆగిపోతుంది. పోస్టే బయటికి రాకపోతే సైట్‌మ్యాప్‌లోకి ఎలా వస్తుంది? టైమ్ ప్రకారం పనులు నడిపేదాన్ని క్రాన్ అంటారు. కాన్ఫిగ్ ఫైల్లో ఆ లోపలి క్రాన్‌ని ఆపేసి, హోస్టింగ్ ప్యానెల్‌లో అసలు క్రాన్ పెట్టి, 10 లేదా 15 నిమిషాలకోసారి దాన్ని తట్టిలేపమని చెప్పండి. ఆపేసి రెండోది పెట్టడం మర్చిపోతే మాత్రం షెడ్యూల్ చేసినవన్నీ అలాగే ఉండిపోతాయి.

మరి షెడ్యూల్ ఎవరికి కావాలి?

సొంతంగా రాయించుకున్న సైట్లకి, ఫైళ్ళతోనే నడిచే స్టాటిక్ సైట్లకి, పేజీలు వేలల్లో ఉండి అడిగినప్పుడల్లా డేటాబేస్ మొత్తం తోడితే సర్వర్ రొప్పే సైట్లకి. నర్సరీ సైట్ ఇలాంటిదే. ఒక్క మందారంలోనే రంగుకో పేజీ, కుండీ సైజుకో పేజీ ఉంటాయి. అలాంటప్పుడు టైమ్ ప్రకారం ఒక ఫైలు తయారుచేసి పెట్టుకోవడమే నయం.

ఎంతకోసారి పెట్టాలి? గంటకోసారి పెట్టేస్తే మంచిదేగా?

మీ సరుకు ఎంత తరచుగా మారుతుందో అంత. పూతరేకుల కొట్టుకి పేజీలు పన్నెండో పదిహేనో ఉంటాయి. బెల్లంవి, పంచదారవి, డ్రైఫ్రూట్‌వి, గిఫ్ట్ బాక్సులు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ (ఫలానా ఊరి సరుకు అని చెప్పే) గుర్తింపు వచ్చినప్పుడు అందరూ తమ పేజీల్లో ఆ మాట చేర్చారు. ఆ తర్వాత నెలలపాటు ఏమీ మారలేదు. ఆ సైట్‌కి గంట గంటకీ కొత్త చిట్టా దేనికి? రోజుకోసారి పెట్టినా ఎక్కువే.

కొబ్బరి ధరలు రోజూ పెట్టే వ్యాపారికి లెక్క మారుతుంది. మార్కెట్ అయ్యాక ధర ఎక్కిస్తారు కాబట్టి ఆ తర్వాత అరగంటకి ఒకసారి చాలు. మార్కెట్ లేని రోజున ఏమీ మారదు, మారకపోతే రాయక్కర్లేదు.

మేము ఎక్కువ సైట్లలో చేసేది ఇది: క్రాన్ గంటకోసారి లేస్తుంది, కిందటిసారి తర్వాత డేటాబేస్‌లో ఏమైనా మారిందా అని చూస్తుంది, మారకపోతే ఫైలు ముట్టుకోకుండా మళ్ళీ పడుకుంటుంది. గంటకోసారి చూడటం వేరు, గంటకోసారి రాయడం వేరు. మీరు నిమిషానికోసారి రాసినా గూగుల్ తన వీలు చూసుకునే వస్తుంది.

ప్రతి పేజీకీ లాస్ట్‌మాడ్‌లో ఇవాళ్టి తేదీ వేసేస్తే గూగుల్ త్వరగా వస్తుందంట కదా?

వచ్చేది, ఒకటి రెండుసార్లు. ఆ తర్వాత మీ తేదీల్ని నమ్మడం మానేస్తుంది. ఈ ప్రశ్నకి కాస్త ఎక్కువ సేపు చెప్తాం, ఎందుకంటే మొత్తం షెడ్యూల్ వ్యవహారంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే.

కాలువ మీద లస్కరు గేజీ చూసి నీటి మట్టం రాస్తాడు. ఆయన రాసిన అంకె చూసి పైన గేట్లు ఎత్తాలా దించాలా అని ఆలోచిస్తారు. కాలువ గట్టు మీదికి వెళ్ళకుండా ఇంట్లో కూర్చుని రోజూ "మట్టం పెరిగింది" అని రాస్తున్నాడనుకోండి. నాలుగు రోజులు పరుగెత్తుకొస్తారు. ఐదో రోజు నిజంగా గండి పడ్డా ఆయన మాట ఎవరూ పట్టించుకోరు. లాస్ట్‌మాడ్ కూడా గేజీ అంకె లాంటిదే. తేదీ నిలకడగా నిజమైతేనే, పేజీతో పోల్చి చూస్తే సరిపోతేనే దాన్ని వాడతామని గూగుల్ వాళ్ళే బాహాటంగా చెప్పారు.

చాలామంది కావాలని అబద్ధం రాయరు. ఫైలు తయారుచేసే స్క్రిప్టులో "ఇప్పటి సమయం" అని రాసేస్తారు, అది రోజూ అన్ని పేజీలకీ ఆ రోజు తేదీయే కొడుతుంది. రావాల్సింది డేటాబేస్‌లో ఆ పేజీ మారిన తేదీ. అందులోనూ ఒక మెలిక ఉంది. నర్సరీ సైట్‌లో ఎవరో ఒక మొక్క కొంటే స్టాకు 40 నుంచి 39కి తగ్గుతుంది, డేటాబేస్‌లో "మార్చిన సమయం" కూడా మారిపోతుంది. పేజీ చదివేవాడికి మాత్రం ఏమీ మారలేదు. వివరణ, ధర, ఫొటోలు మారినప్పుడు మాత్రమే కదిలే తేదీ ఒకటి విడిగా పెట్టుకోండి. పేజీ కింద కాపీరైట్ సంవత్సరం మారితే అది మార్పు కిందికి రాదు.

ప్రయారిటీ, ఛేంజ్‌ఫ్రీక్ కూడా నింపాలా?

వదిలేయండి. పేజీ ఎంత ముఖ్యమో, ఎంత తరచుగా మారుతుందో చెప్పే ఆ రెండింటినీ గూగుల్ చూడదు.

క్రాన్ లైన్ ఎలా రాయాలి? రాత్రి రెండున్నరకి పెడితే పొద్దున్న ఎనిమిదికి నడుస్తోంది.

సర్వర్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే ప్రామాణిక సమయంలో ఉంది. మన టైమ్ దానికన్నా ఐదున్నర గంటలు ముందు. సర్వర్‌కి రెండున్నర అయ్యేసరికి మనకి ఎనిమిది. సరిగ్గా కొట్లు తెరిచే వేళకి డేటాబేస్ మీద ఈ బరువు కూడా పడుతుంది.

క్రాన్‌లో ఐదు గడులుంటాయి: నిమిషం, గంట, నెలలో తేదీ, నెల, వారంలో రోజు. మన టైమ్‌లో రాత్రి 2:30కి నడవాలంటే యూటీసీ సర్వర్‌లో ఇలా రాయాలి:

0 21 * * *

అంటే అక్కడ ముందురోజు రాత్రి 9. వారంలో ఒక రోజు మాత్రమే నడపాలనుకుంటే ఈ "ముందురోజు" సంగతి గుర్తుపెట్టుకోండి. మనకి సోమవారం తెల్లవారుజాము రెండున్నర అంటే యూటీసీలో ఇంకా ఆదివారమే. ఇంకో మాట, 0 నిమిషం కాకుండా 17నో 43నో పెట్టుకోండి. షేర్డ్ హోస్టింగ్‌లో అందరూ గంట కొట్టగానే తమ పనులు మొదలుపెడతారు. రావులపాలెం సెంటర్‌లో బస్సులన్నీ ఒకేసారి వచ్చినట్టుంటుంది.

లాస్ట్‌మాడ్‌లో సమయం కూడా రాస్తుంటే చివర +05:30 వేయండి. 2025-01-14T09:00:00+05:30 ఇలా. సమయం మీద పట్టు లేకపోతే ఉత్త తేదీ చాలు.

చేత్తో నడిపితే పనిచేస్తోంది, క్రాన్‌లో పెడితే చేయట్లేదు.

క్రాన్ మీ లాగిన్ సెట్టింగులేవీ చదవదు. ప్రోగ్రాం పూర్తి దారి, ఫైలు పూర్తి దారి రాయండి. వచ్చే తప్పులు ఒక లాగ్ ఫైల్లో పడేలా చేయండి. నూటికి తొంభైసార్లు అందులో "ఫైలు దొరకలేదు" అనే ఉంటుంది.

కొట్లో కంప్యూటర్ నుంచే నడిపి ఎక్కించుకోవచ్చా? సర్వర్‌లో పెట్టడం మాకు రాదు.

వద్దండీ. రాత్రి షట్టర్ దించేటప్పుడు మెయిన్ ఆపేస్తారు. తుపాను కబురొస్తే రెండు రోజులు కరెంటే ఉండదు. టైమ్‌కి మెషీన్ ఆగి ఉంటే మామూలు క్రాన్ ఆ పని వదిలేస్తుంది, తర్వాత గుర్తుచేసుకుని చేయదు. హోస్టింగ్ ప్యానెల్‌లో క్రాన్ జాబ్స్ అని ఒక బటన్ ఉంటుంది, ఐదు నిమిషాల పని. అది కూడా టెన్షన్ అనిపిస్తే సైట్ చేసినవాళ్ళకి చెప్పండి, దీనికి విడిగా డబ్బులు అడిగితే మాత్రం ఒప్పుకోకండి.

ఒకరోజు పొద్దున్న చూస్తే సైట్‌మ్యాప్ ఖాళీగా ఉంది. ఏమైంది?

ఇది మాకూ జరిగింది, మా చేతకానితనం వల్లే. ఒక నర్సరీ సైట్‌లో రాత్రి బ్యాకప్, సైట్‌మ్యాప్ రెండూ ఒకే టైమ్‌కి పెట్టాం. బ్యాకప్ జరుగుతున్నంతసేపూ డేటాబేస్ జవాబివ్వలేదు. స్క్రిప్టు "సున్నా మొక్కలు" అనుకుని, ఉన్న ఫైలు తుడిచేసి సున్నా పేజీల చిట్టా రాసింది. తప్పు ఎక్కడా చూపించలేదు, ఎందుకంటే దాని లెక్కలో పని సవ్యంగానే పూర్తయింది. మూడు రోజులకి ఆ నర్సరీ బాబాయ్ గారే ఫోన్ చేసి అడిగారు. "ఏంటబ్బాయ్, మన మొక్కలన్నీ ఎండిపోయాయా?" అన్నారాయన. ఖాళీ చిట్టా వల్ల గూగుల్ పేజీల్ని వెంటనే తీసేయదు, అందుకే పెద్ద నష్టం లేకుండా బయటపడ్డాం.

అప్పట్నుంచి మూడు పనులు చేస్తున్నాం. కొత్త చిట్టాని ముందు వేరే పేరుతో రాస్తాం, పూర్తయ్యాకే అసలు పేరుకి మారుస్తాం. రాస్తుండగా గూగుల్ వచ్చినా సగం ఫైలు దాని కంటపడదు. పేరు మార్చే ముందు ఎక్స్‌ఎంఎల్ (సైట్‌మ్యాప్ రాసే పద్ధతి) సరిగ్గా ఉందా, నిన్నటికన్నా పేజీలు బాగా తగ్గాయా అని చూస్తాం. ఐదో వంతుకి మించి తగ్గితే పాతదే ఉంచి మాకు మెసేజ్ పంపిస్తుంది. ఐదో వంతు అన్నది మా అంచనా, మీ సైట్‌ని బట్టి మార్చుకోండి.

మూడోది లాకు. ఒక రన్ పూర్తికాకముందే రెండోది మొదలవకుండా ఒక లాక్ ఫైలు పెడతాం. ధవళేశ్వరం, విజ్జేశ్వరంలో పడవలు దాటించే లాకులు చూసినవాళ్ళకి దీని గురించి చెప్పక్కర్లేదు. పడవ లోపలుండగా రెండు వైపులా తలుపులు తీయరు.

మార్చిన ప్రతిసారీ గూగుల్‌కి పింగ్ చేయాలంటున్నారు?

చిట్టా మారిందని గూగుల్‌కి కబురు పంపడమే పింగ్. అది పాత మాట. ఆ పింగ్ చిరునామాని మూసేస్తున్నట్టు గూగుల్ 2023 జూన్‌లోనే చెప్పింది. మీ స్క్రిప్టులో ఇంకా ఆ లైనుంటే తీసేయండి. ఇప్పుడు చేయాల్సింది రెండే. రోబోట్స్ ఫైల్లో (సెర్చ్ ఇంజిన్లకి సూచనలు రాసే robots.txt) సైట్‌మ్యాప్ పూర్తి చిరునామా ఒక లైను రాయాలి, సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో ఒకసారి సబ్‌మిట్ చేయాలి. రోజూ మళ్ళీ మళ్ళీ సబ్‌మిట్ చేయక్కర్లేదు.

మైక్రోసాఫ్ట్ వాళ్ళ సెర్చ్ ఇంజిన్ బింగ్‌కి ఇండెక్స్‌నౌ అని వేరే పద్ధతి ఉంది. 2021లో మైక్రోసాఫ్ట్, రష్యా సెర్చ్ ఇంజిన్ యాండెక్స్ కలిసి తెచ్చాయి. మారిన పేజీ చిరునామా మనమే పంపిస్తాం, ఒక్కసారికి 10,000 వరకు. గూగుల్ అందులో చేరలేదు. మన వైపు బింగ్ వాడేవాళ్ళు తక్కువే అయినా మొక్కల ఆర్డర్లు ఇతర రాష్ట్రాల నుంచి వచ్చే నర్సరీలకి పెట్టి ఉంచుతాం, పోయేదేముంది?

వరదలప్పుడు మా వార్తల సైట్‌లో గంట గంటకీ మారుస్తాం. అప్పుడేం చేయాలి?

ముందు పేజీల సంగతి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. ఏ హెచ్చరిక దాకా వచ్చిందో చెప్పాలని చాలామంది కుర్రాళ్ళు ప్రతి గంటకీ ఒక కొత్త పోస్టు పెడతారు. రాత్రయ్యేసరికి "తాజా నీటిమట్టం" పేరుతో ఇరవై పేజీలుంటాయి. లంకల్లో ఉన్న మనిషి ఫోన్‌లో వెతికితే పొద్దుటి అంకె తగులుతుంది. పడవెక్కాలా వద్దా అని ఆలోచించే మనిషికి అది ప్రమాదం. ఒకే పేజీ పెట్టి అందులోనే అంకె మార్చండి, పైన టైమ్ వేయండి, లాస్ట్‌మాడ్‌లో గంట నిమిషాలతో సహా రాయండి.

వార్తలకి న్యూస్ సైట్‌మ్యాప్ అని విడిగా ఉంది. అందులో గత రెండు రోజుల్లో వచ్చిన వార్తలే ఉండాలి, వెయ్యికి మించకూడదు. దీన్ని మాత్రం క్రాన్‌కి వదలకండి. పబ్లిష్ బటన్ నొక్కగానే రాసేలా పెట్టండి. రెండు రోజులు దాటినవాటిని తీసేయడానికి క్రాన్ సరిపోతుంది.

చిరునామాలు తెలుగులో పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కానీ సైట్‌మ్యాప్‌లో వాటిని శాతం గుర్తులతో మార్చి రాయాలి. "పూతరేకులు" అన్న మాటలో గుణింతాలు విడదీస్తే తొమ్మిది గుర్తులు, మార్చాక అది 81 అక్షరాలవుతుంది. ఒక చిరునామా 2,048 అక్షరాల లోపు ఉండాలి కాబట్టి వార్త శీర్షిక మొత్తం చిరునామాలో పెట్టే అలవాటు మానుకోండి. చిరునామాలో & గుర్తుంటే దాన్నీ ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో మార్చాలి, ఆ ఒక్క గుర్తు వల్ల మొత్తం ఫైలు చెల్లకుండా పోతుంది.

సీజన్ కాని మొక్కల పేజీలు తీసేయాలా?

మళ్ళీ వచ్చేదైతే ఉంచండి, "ప్రస్తుతం లేదు" అని రాయండి. ఆ రకం ఇక అమ్మమనుకుంటే పేజీ తీసేసి చిట్టాలోంచి కూడా తీయండి. తీసేసిన పేజీలు, ఇండెక్స్ చేయొద్దని (అంటే సెర్చ్‌లో చేర్చొద్దని) గుర్తు పెట్టినవి, వేరే చిరునామాకి మళ్ళించినవి చిట్టాలో ఉండకూడదు. పండగ పేజీలూ అంతే. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఏటా కొత్త పేజీ పెట్టకుండా ఒకే చిరునామాలో ఏటా వివరాలు మార్చుకుంటే కనుమ దగ్గరపడ్డాక వెతికేవాళ్ళకి అదే దొరుకుతుంది.

ఒక ఫైల్లో ఎన్ని పేజీలు పడతాయి?

50,000. కుదించకముందు సైజు 50 ఎంబీ దాటకూడదు. దాటితే ముక్కలు చేసి, వాటన్నిటి చిరునామాలూ రాసిన ఒక ఇండెక్స్ ఫైలు పైన పెట్టాలి. మా నర్సరీలేవీ అంత దాకా రాలేదు. అయినా మొక్కలు ఒక ఫైలు, వ్యాసాలు ఒక ఫైలు అని విడగొడతాం, ఏ వైపు పేజీలు ఇండెక్స్ అవ్వట్లేదో సెర్చ్ కన్సోల్‌లో విడిగా కనిపిస్తుందని.

మా అబ్బాయి గిట్‌హబ్‌లో పెట్టాడు, కొన్నాళ్ళు నడిచి ఆగిపోయింది.

పబ్లిక్ రిపాజిటరీలో (గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా సైట్ ఫైళ్ళు దాచుకునే చోటు) 60 రోజులు ఏ కదలికా లేకపోతే గిట్‌హబ్ ఆ షెడ్యూల్‌ని ఆపేస్తుంది. మీవాడు కాలేజీకి వెళ్ళాక ఎవరూ ముట్టుకుని ఉండరు. లోపలికెళ్ళి మళ్ళీ ఆన్ చేయాలి. అక్కడా టైమ్ యూటీసీయే అనుకుని రాయండి, గంట మొదట్లో రద్దీ ఉంటే ఆలస్యం కూడా అవుతుంది. స్టాటిక్ సైట్ అయితే అసలు షెడ్యూల్ ఎందుకు? మార్పు ఎక్కించిన ప్రతిసారీ సైట్‌తో పాటు చిట్టా కూడా తయారయ్యేలా పెట్టమనండి.

ఆగిపోయిందని మాకెలా తెలుస్తుంది?

ఆగిపోయిన పని తనంతట తాను చెప్పుకోదు. అందుకే పని అయిన ప్రతిసారీ ఒక చిన్న కబురు పంపేలా పెట్టి, రోజంతా కబురు రాకపోతే మెసేజ్ కొట్టే సర్వీసుకి తగిలిస్తాం. అంత వద్దనుకుంటే నెలకోసారి సెర్చ్ కన్సోల్‌లో సైట్‌మ్యాప్స్ పేజీ తెరవండి. చివరిగా చదివిన తేదీ, ఎన్ని పేజీలు దొరికాయో అక్కడుంటాయి. ఫైలు తీసుకురాలేకపోయామని చూపిస్తే ముందు మీ ఫోన్‌లో ఆ చిరునామా తెరిచి చూడండి. మీకు తెరుచుకుని గూగుల్‌కి తెరుచుకోకపోతే ఫైర్‌వాల్ అడ్డుపడుతూ ఉండొచ్చు, హోస్టింగ్ వాళ్ళని అడగండి.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, పేజీ ఇంకా రావట్లేదు.

సెర్చ్ కన్సోల్‌లో ఆ పేజీ చిరునామా పెట్టి తనిఖీ చేయండి. "కనుగొన్నాం, ఇంకా చదవలేదు" అంటే చిట్టా తన పని చేసింది. హోమ్ పేజీ నుంచో, ఎక్కువమంది చూసే పేజీ నుంచో దానికి ఒక లింకు ఇవ్వండి. "చదివాం, ఇండెక్స్ చేయలేదు" అంటే గొడవ పేజీలోనే ఉంది. మొన్న ఒకరివి అలాంటివే ముప్పై పేజీలు చూశాం. అన్నింట్లోనూ ఒకే వివరణ, మొక్క పేరు మాత్రం మార్చారు. షెడ్యూల్ జోలికి పోకుండా ఒక్కో మొక్కకి ఎంత ఎండ కావాలో, మన నల్లరేగడిలో ఎలా పెరుగుతుందో, ఎన్నాళ్ళకి పూస్తుందో ఆ నర్సరీ బాబాయ్ గారి చేతే చెప్పించి రాయించాం. ఇప్పటికి పదకొండు ఎక్కాయి.